తిమ్మిరెక్కని మాపో తోఫు

మొన్న శుక్రవారం నేనో తెలివితక్కువ పని చేశాను. చెంగ్డూలో పుట్టి పెరిగిన మనిషిని సిచువాన్ హోటల్‌కి తీసుకెళ్ళాను. అదీ నా ఖర్చుతో, ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా.

ఆయనా నేనూ ఆరేళ్ళుగా ఒకే టీములో ఉన్నాం. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నేను రాసిన కోడు అర్ధరాత్రి పూట ఎన్నిసార్లు పడిపోయిందో లెక్కలేదు. ఆన్‌కాల్ ఆయనదైతే మాత్రం నాకు ఫోను వచ్చేది కాదు. తనే కూర్చుని సరిచేసి, పొద్దున్నే "చిన్నదే, వీలైనప్పుడు చూసుకో" అని ఒక్క ముక్క పెట్టేవాడు. చూస్తే అది చిన్నది కాదు. మేనేజరుకి తెలిస్తే నా రివ్యూలోకి ఎక్కే సరుకు. ఇలాంటి సహోద్యోగి మీకు ఒక్కరైనా తగిలుంటే నేనేం చెప్తున్నానో అర్థమవుతుంది.

అలాంటి మనిషి ఉద్యోగం మానేసి చెంగ్డూ వెళ్ళిపోతున్నాడు. వాళ్ళమ్మగారికి 81 ఏళ్ళు, ఒక్కతే ఉంటోంది. భార్య రెండు నెలల ముందే వెళ్ళిపోయింది, కూతురు ఇంకో రాష్ట్రంలో చదువుతోంది. ఆఫీసువాళ్ళు వీడ్కోలు అని వీడియో కాల్ పెట్టి, అందరూ తలా రెండు ముక్కలు మాట్లాడి, ఇరవై ఐదు నిమిషాల్లో ముగించేశారు. నాకు మనసొప్పలేదు. సరైన భోజనం పెట్టాల్సిందే అనుకున్నాను.

ఇంట్లో చెప్తే మా ఆవిడ, "మనింటికి పిలవండీ, పప్పూ అన్నం, గుత్తొంకాయా పెడతాను. వాళ్ళ వంట మనం కొని వాళ్ళకే పెట్టడమేంటి?" అంది. ఆవిడ చెప్పింది నిజమే. కానీ ఇంటికి పిలిస్తే ఏదో మామూలుగా ఉంటుందని నా బాధ. ఘనంగా ఉండాలి కదా! (ఈ ఘనంగా ఉండాలనే జబ్బు మనవాళ్ళలో సగం మందికి ఉంది. మిగతా సగం ఒప్పుకోరు.)

ఇక్కడ నా చైనా భోజన పాండిత్యం గురించి కాస్త చెప్పుకోవాలి. మాది నరసరావుపేట పక్కన పల్లెటూరు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు గుంటూరులో బండి మీద తిన్న షెజ్వాన్ ఫ్రైడ్ రైసూ, గోబీ మంచూరియా... చైనా అంటే నాకు చాలా ఏళ్ళు అదే. మంచూరియాని 1975 ప్రాంతంలో ముంబై క్రికెట్ క్లబ్‌లో నెల్సన్ వాంగ్ అనే కలకత్తా చైనీయుడు పుట్టించాడని చెబుతారు. అంటే దానికి మంచూరియాతో ఉన్న చుట్టరికం మైసూర్ బజ్జీకి మైసూరుతో ఉన్నంతే అనుకోండి. ఇక షెజ్వాన్ అంటే సిచువానే అని నాకు అమెరికా వచ్చాక గానీ తెలియదు.

సరే, హోటల్ ఎలా ఎంచానంటే, ఫొటోలు చూసి. మేముండే సన్నీవేల్ చుట్టుపక్కల సిచువాన్ హోటళ్ళకేం కొదవ లేదు. స్ట్రిప్ మాల్‌లో లాండ్రీ పక్కన, ట్యూబులైట్ వెలుగులో, మెనూ మీద నూనె మరకలతో బోలెడున్నాయి. అవన్నీ వదిలేసి ఫొటోల్లో అందరికన్నా అందంగా కనిపించినదాన్ని పట్టుకున్నాను. నాలుగున్నర నక్షత్రాలు. ఆ రివ్యూల్లో తిండి గురించి ఎంతమంది రాశారో, లైట్ల గురించి ఎంతమంది రాశారో చూసి ఉండాల్సింది.

వెళ్ళాం. ఏమాటకామాటే, లోపల అదిరింది. పైకప్పు నిండా ఎర్ర లాంతర్లు, ఒక గోడ పొడవునా వెలిగే చైనా అక్షరాలు, ఇంకో గోడకి సిచువాన్ సంగీత నాటకాల్లో క్షణాల్లో మార్చే రంగు రంగుల ముఖాలు. పళ్ళేలు మోసుకొచ్చే రోబో ఒకటి, దానికి పిల్లి మొహం. కుర్చీలు మాత్రం వెనక్కి వాలితే పడిపోతామేమో అన్నట్టున్నాయి. మా మిత్రుడు గోడ మీద అక్షరాలు చదివి చిన్నగా నవ్వాడు. ఏం రాశారని అడిగితే, "చెంగ్డూలో పొద్దున్నే నూడుల్స్ దొరికే సందు పేర్లు" అన్నాడు. "బాగుంది, ఇల్లు గుర్తొచ్చింది" అని కూడా అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మెనూ లేదు, క్యూఆర్ కోడే. ముగ్గురం మూడు ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మా ఆవిడ శుక్రవారం నీచు తినదు, నేను బీఫ్ తినను. కాబట్టి మాపో తోఫు మాంసం లేకుండా చెప్పాం. మిరపకాయల కోడి చెప్పాం. దాన్‌దాన్ నూడుల్స్ చెప్పాం. వంకాయ కూర ఒకటి ఉంటే ఆయన ఉత్సాహంగా, "ఇది తినండి, పేరు చేపల వాసన వంకాయ" అన్నాడు. మా ఆవిడ మొహం చూడాలి! అందులో చేప ఉండదట. చేపకి వాడే తాలింపూ మసాలా వంకాయకి వాడతారు కాబట్టి ఆ పేరు. ఆవిడ కిచెన్‌లో రెండుసార్లు కనుక్కుని రమ్మన్నాకే ఒప్పుకుంది.

ముందుగా ఆయన కోసం నేను చెప్పిన పోర్క్ వచ్చింది. చిన్న చెక్క దండెం, దాని మీద పల్చటి మాంసం ముక్కలూ కీరా ముక్కలూ బట్టలారేసినట్టు వేలాడదీశారు. కింద పొగ. పక్క బల్లవాళ్ళు కూడా ఫోన్లు తీశారు. పొగ ఆరాక ఆయన ఒక ముక్క తీసుకుని సాస్‌లో ముంచి తిని, తల ఊపాడు. అంతే.

నూడుల్స్ దగ్గర నాకో కొత్త సంగతి తెలిసింది. దాన్ అంటే కావడి అట. వెనకటికి కావడి భుజాన వేసుకుని, ఒక వైపు పొయ్యీ కుండా, ఇంకో వైపు గిన్నెలూ నూడుల్సూ పెట్టుకుని వీధుల్లో అమ్మేవాళ్ళు, అందుకని ఆ పేరు. మనం మాటకి మాట పెట్టుకుంటే కావడి నూడుల్స్. కావడి మీద మోసే సరుకు కదా, చిన్న గిన్నెలో అడుగున రెండు చెంచాల కారం, పైన నాలుగు నూడుల్స్, అంతే ఉంటుందట. మాకొచ్చింది మాత్రం పెద్ద బేసిన్‌లో, పీనట్ బటర్ పులుసులో ఈదుతూ వచ్చింది. తియ్యగా ఉంది.

తర్వాత మిరపకాయల కోడి. దీని అసలు పద్ధతి ఏంటంటే ఎండుమిరపకాయల గుట్టలో కోడి ముక్కలు వెతుక్కుని తినాలి. మిరపకాయలు తినడానికి కాదు, వాటిని నూనెలో సరిగ్గా మాడే ముందు దాకా వేయిస్తే ఆ వాసన ముక్కకి పట్టాలి. మన పోపులో ఎండుమిర్చి చేసే పనే. ఇక్కడ మిరపకాయలు ఎర్రగా, నిగనిగలాడుతూ, అప్పుడే కడిగి పెట్టినట్టున్నాయి. కోడిని వేరే వేయించి, మిరపకాయలు పైన చల్లారు. నేను ఒకటి కొరికి చూశాను. మిరపకాయ మంచిదే, దాన్ని వాడుకోలేదు.

అప్పుడు నాలోని పల్నాటి మనిషి లేచాడు. "ఇది మావూరిదై ఉండొచ్చు తెలుసా?" అన్నాను. గుంటూరు తేజ రకం మిర్చిని ఎక్కువగా కొనేది చైనావాళ్ళే. మా నాన్న మిర్చి టిక్కీలు ట్రాక్టర్‌కెత్తి యార్డుకి వెళ్ళి, ధర పలకక రెండు రాత్రులు అక్కడే బస్తాల మీద పడుకున్న రోజులు నాకు గుర్తే. అక్కడ కొన్న మిరపకాయ ఎటెటు వెళ్తుందో మాకేం తెలుసు! ఆయన ఒక మిరపకాయని చాప్‌స్టిక్స్‌తో ఎత్తి లైటుకి అడ్డంగా పెట్టి చూశాడు. అసలు మిరపకాయ మా ఇద్దరిదీ కాదట. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళతో మనకి వచ్చింది, దాదాపు ఆ కాలంలోనే చైనాకీ వచ్చింది. చైనాలో దాని ప్రస్తావన మొదట కనిపించేది 1591 నాటి పుస్తకంలో. అదీ తినే వస్తువుగా కాదు, చూడ్డానికి అందమైన మొక్కగా. "ఇక్కడ మళ్ళీ అక్కడికే వెళ్ళింది" అని పళ్ళెం వైపు చూపించాడు. ఆ సాయంత్రం హోటల్ గురించి ఆయన విసిరిన చెణుకు అదొక్కటే, అది కూడా నవ్వుతూ.

ఇక మాపో తోఫు. ఆయన ఇష్టంగా చెప్పుకున్నది అదే. 1862లో చెంగ్డూలో ఒక వంతెన దగ్గర చెన్ కుటుంబం పూటకూళ్ళ కొట్టు పెట్టిందనీ, నూనె మోసే కూలీలు అక్కడ తినేవాళ్ళనీ, ఇంటావిడ మొహం మీద స్ఫోటకపు మచ్చలుండేవి కాబట్టి మచ్చల ముసలమ్మ తోఫు అనే పేరొచ్చిందనీ చెబుతారు. ఆ మచ్చలకి వాడిన 'మా' అనే అక్షరమే తిమ్మిరికీ వాడతారు. తిమ్మిరి 'మా', కారం 'లా'. ఈ రెండూ కలిస్తేనే సిచువాన్ వంట. పేరులోనే మా ఉన్న కూర మా బల్ల మీదకొచ్చింది. ఎర్రగా, గంజి పెట్టినట్టు చిక్కగా, మెరుస్తూ ఉంది. నేను తిన్నాను. వేడిగా ఉంది. కాస్త కారంగా, కాస్త తియ్యగా ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

తిమ్మిరి ఎక్కడ?

ఈ తిమ్మిరి ఎరగనివాళ్ళకి చెప్పడం కష్టం. చిన్నప్పుడు ట్రాన్సిస్టర్ బ్యాటరీ, ఆ తొమ్మిది వోల్టులది, నాలుకకి ఆనించి చూశారా? అలాంటిదే, నెమ్మదిగా, ఎక్కువసేపు. హువాజియావ్ అనే చిన్న ఎర్రటి కాయల తొక్క వల్ల వస్తుంది. అందరూ సిచువాన్ మిరియం అంటారు గానీ మిరియాలకీ దీనికీ సంబంధం లేదు. ఇది నిమ్మ కుటుంబం, కరివేపాకు కూడా ఆ కుటుంబమే. కొంకణ తీరంలో చేపల పులుసులో వేసే తిర్ఫల్, నేపాల్‌లో పచ్చళ్ళలో వేసే తిమూర్ దీని దాయాదులే. 2013లో లండన్ పరిశోధకులు దీన్ని మనుషుల పెదాలకి రాసి, ఆ వణుకు సెకనుకి ఎన్నిసార్లో కొలిచారు. దాదాపు 50 హెర్ట్జ్ వచ్చింది. మనూళ్ళో కరెంటు కూడా 50 హెర్ట్జే, అమెరికాలో అరవై. ఇది చెప్తే ఆయన పగలబడి నవ్వి, "అందుకేనేమో ఇక్కడ పనిచెయ్యట్లేదు" అన్నాడు.

అమెరికాలో నిజంగానే చాలాకాలం దీనికి చోటు లేదు. నిమ్మజాతి చెట్లకొచ్చే గజ్జి తెగులు దీనితో పాటు వస్తుందని 1968 నుంచి 2005 దాకా దిగుమతి నిషేధం. వేడి చేసి పంపితే పర్లేదని 2005లో ఎత్తేశారు. మరి ఇప్పుడీ హోటల్‌కేమొచ్చింది?

నేను ధైర్యం చేసి అడిగాను, "ఎలా ఉంది?" అని.

"చాలా బాగుంది" అన్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు. ఎందుకంటే అది నాదే. మూడేళ్ళ క్రితం నా పుట్టినరోజుకి ఇదే మనిషి వెతికి వెతికి నన్నొక ఆంధ్రా హోటల్‌కి తీసుకెళ్ళాడు. గోడ మీద గాలిగోపురం బొమ్మ, రాగి చెంబుల్లో నీళ్ళు. గోంగూర మాంసంలో పులుపు లేదు, గుత్తొంకాయలో మీగడ, పప్పులో పంచదార. అన్నిటికీ ఒకే గ్రేవీ, పేర్లే వేరు. ఆయన నా మొహంలోకి ఆశగా చూస్తూ ఎలా ఉందంటే నేనూ ఇలాగే, ఇదే వేగంతో, చాలా బాగుంది అన్నాను. అది మర్యాదేననుకోండి. కానీ పాపం ఆయన ఆ తర్వాత రెండుసార్లు తనకి తెలిసినవాళ్ళని అక్కడికి పంపించాడు, అసలైన ఆంధ్రా వంట అని నా పేరు చెప్పి మరీ!

అందుకని ఈసారి వదల్లేదు. "నిజం చెప్పు. నేనప్పుడు అబద్ధం చెప్పాను" అన్నాను. ఆయన ఆ హోటల్‌ని గుర్తు తెచ్చుకుని, కాసేపు నన్ను అలాగే చూశాడు. "పంచదార నాకూ తెలిసింది, మీవాళ్ళు అలాగే తింటారేమో అనుకున్నా" అన్నాడు. మా ఆవిడ నీళ్ళు తాగుతున్నదల్లా పొలమారింది.

తర్వాత ఆయన, నీళ్ళు పోసే అమ్మాయిని పిలిచి చైనా భాషలో ఏదో అడిగాడు. చిన్నపిల్ల, చదువుకుంటూ సాయంత్రాలు పనిచేస్తోంది. ముందు బెదిరింది, తర్వాత చాలాసేపు మాట్లాడింది. ఆయన చెప్పిన సారాంశం ఇదీ. లోపల వంటాయన చోంగ్‌చింగ్ మనిషే, ఇరవై ఏళ్ళ అనుభవం. తెరిచిన కొత్తలో అన్నీ సరిగ్గానే చేసేవాడు. వారానికి నాలుగైదు పళ్ళేలు వెనక్కొచ్చేవి. నోరు మొద్దుబారింది, ఎలర్జీ వచ్చింది, ఏదో మందు కలిపారు అని ఒకటే గొడవ. ఒకావిడ అంబులెన్సు కూడా పిలిచింది. రివ్యూల్లో నక్షత్రాలు పడిపోయాయి. ఓనరు తిమ్మిరి తీసెయ్యమన్నాడు, తీపి వెయ్యమన్నాడు, దండెం కొన్నాడు. నక్షత్రాలు నాలుగున్నరకి వచ్చాయి.

నేను అలవాటు కొద్దీ దీన్ని మన భాషలోకి మార్చుకున్నాను. ఫీడ్‌బ్యాక్ చూసి ఫీచర్ తీసేశారు, యూఐ మీద డబ్బు పెట్టారు. ఎన్ని ప్రోడక్టుల్లో మనం చెయ్యలేదు! నవ్వుతూ పైకే అన్నాను కూడా. అంటూ ఉండగానే ఇంకోటి గుర్తొచ్చింది, నవ్వు ఆగిపోయింది.

2009. నేను అమెరికా వచ్చి రెండేళ్ళు. వేరే ఊళ్ళో ప్రాజెక్టు. ఆఫీసు పక్కన చిన్న చైనా కొట్టు, ముసలి దంపతులు నడిపేవాళ్ళు. తోటివాళ్ళతో వెళ్ళి తోఫు కూరేదో చెప్పాను. మూడో ముద్దకి పెదాలు మొద్దుబారాయి, నోట్లో ఏదో సబ్బు నురగలా అనిపించింది. గిన్నె సరిగా కడగలేదని నిర్ధారించేసుకున్నాను. ఆవిణ్ణి పిలిచి పళ్ళెం తీసుకెళ్ళమన్నాను. ఆవిడకి ఇంగ్లీషు సరిగ్గా రాదు. వేళ్ళతో చిన్న కాయంత చూపిస్తూ "ఫ్లవర్... ఫ్లవర్ పెప్పర్" అని రెండు మూడుసార్లు అంది. హువాజియావ్ అంటే పువ్వు మిరియం అని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలిసిందల్లా నలుగురిలో నా డబ్బుకి న్యాయం జరగాలని. "నో ఫ్లవర్, సోప్!" అన్నాను. నాతో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ డబ్బు తీసుకోలేదు. నేను గదికొచ్చి ఒక నక్షత్రం ఇచ్చి, అంట్లు కడగడం రాదని ఆరు లైన్లు రాశాను. ఆ రివ్యూ బాగా పనికొచ్చిందని పదకొండుమంది నొక్కారు. అప్పట్లో ఆ పదకొండు చూసుకుని మురిసిపోయాను కూడా.

బల్ల దగ్గర కూర్చునే ఫోనులో వెతికాను. రివ్యూ ఉంది. పైన, ఈ హోటల్ శాశ్వతంగా మూసివేయబడింది అని ఉంది. నా ఒక్క నక్షత్రానికే మూతపడిందని కాదు లెండి, అంత గొప్పవాణ్ణేం కాదు. కానీ ఆ పదకొండుమంది... ఫోను ఆయనకిచ్చి చదవమన్నాను. చదివాడు. ఏమీ అనకుండా తిరిగిచ్చేశాడు. కాసేపటికి, "సబ్బు అని చాలామంది అంటారు. మా అమ్మాయి కూడా చిన్నప్పుడు అనేది" అన్నాడు.

అక్కణ్ణించి మాటలు వాళ్ళింటి వంట మీదకి మళ్ళాయి. అసలు సిచువాన్‌లో రోజూ ఇంత కారం ఎవరూ తినరట. వాళ్ళ విందుల్లో ఘనమైన వంటకం ఒకటుంది, పేరు మరిగే నీళ్ళ క్యాబేజీ. చూడ్డానికి నీళ్ళలో వేసిన ఆకులాగే ఉంటుంది, కానీ ఆ నీళ్ళు గంటల తరబడి కోడితో కాచి, అద్దంలా తేర్చిన రసం. "ఇక్కడ అమ్మితే ఎవరు కొంటారు? ఫొటోలో ఏం కనిపిస్తుంది?" అన్నాడు. నాకు మా అమ్మ చేసే పెసరకట్టు గుర్తొచ్చింది. ఆంధ్రా అనగానే అందరూ కారం కారం అంటారు గానీ, మా ఇంట్లో రాత్రిపూట తిండి చాలాసార్లు అదీ, పెరుగన్నమూ.

బిల్లు, టిప్పుతో కలిపి 187 డాలర్లు. (లైట్లకి నాలుగు నక్షత్రాలు, తిండికి రెండు. ఆ నీళ్ళు పోసే అమ్మాయికి ఐదు.) నేను కార్డు తీస్తుంటే ఆయన మిగిలిన మాపో తోఫుని జాగ్రత్తగా డబ్బాలో సర్దుకున్నాడు. పారేద్దామన్నా వినలేదు. "దీనికేం కాలేదు, ఒక్కటి తక్కువైంది, అంతే" అన్నాడు.

మర్నాడు శనివారం సాయంత్రం ఆరింటికి మెసేజ్ వచ్చింది. ఒక ఫొటో, కింద "ఫిక్స్ చేశాను. వచ్చి వెరిఫై చేసి క్లోజ్ చెయ్యి" అని.

వెళ్ళాను. ఇల్లంతా అట్టపెట్టెలే. సోఫా లేదు, బల్ల లేదు. పొయ్యి మీద ఒక్క మూకుడు, పక్కన రోట్లో అప్పుడే దంచిన పొడి. ఘాటుగా, నిమ్మతొక్కా కొత్త చెక్కా కలిపినట్టు వాసన. ఆయన మూకుడులో కాస్త నూనె వేసి, ఎర్రటి ముద్ద ఒక చెంచా వేశాడట. పెద్ద చిక్కుళ్ళూ మిరపకాయలూ కలిపి మన ఆవకాయలా ఊరబెట్టే ముద్ద అది. రాత్రి తెచ్చిన తోఫు అందులో వేసి, పైన ఆ పొడి చల్లాడు. కిటికీ గట్టు మీద ఫోను నిలబెట్టి ఉంది. అందులో వాళ్ళమ్మగారు. అక్కడ ఆదివారం ఉదయం తొమ్మిది. ఆవిడ ఏదో సూపు తాగుతూ మమ్మల్నే చూస్తోంది. నేను నమస్కారం పెట్టాను.

కాగితం గిన్నెలో, నిలబడే తిన్నాను. మొదట కారం. తర్వాత పెదాల చివర్ల నుంచి చిన్నగా మొదలై, నాలుక మీదకి పాకి, చిగుళ్ళ దాకా వచ్చేసింది. మాట సరిగా రావట్లేదు. ఆవిడ ఫోన్లోంచి ఏదో అంది, ఆయన నవ్వాడు.

"ఏమంటున్నారు?" అన్నాను మొద్దుబారిన నోటితో.

"నీకు తక్కువ వేశానంటోంది" అని ఆయన ఇంకో చిటికెడు చల్లాడు.